డీవర్ పట్టుకున్న చెయ్యి జారితే: సర్జరీ యూనిట్‌లో అందరూ ఆరోగ్యంగా ఉండటానికి ఒక సమగ్ర మార్గదర్శి

డీవర్ రిట్రాక్టర్ (ఆపరేషన్‌లో అవయవాలని పక్కకి లాగిపట్టే పరికరం) పట్టుకుని నిలబడి నిద్రపోవడం ఎలాగో సర్జరీలో పీజీ చేసిన ప్రతివాళ్ళకీ తెలుసు. మోకాళ్ళు బిగుసుకుంటాయి, తల ముందుకు వాలుతుంది, లివర్ అంచు జారి చేతికి అడ్డం వస్తుంది. ఒక రాత్రి కడుపులో చిల్లుపడ్డ (పెర్ఫొరేషన్) కేసులో అలా జారినప్పుడు నా చేతిలో ఉన్న ఆర్టరీ ఫోర్సెప్స్‌తో ఫస్ట్ ఇయర్ పీజీ వేళ్ళ మీద కొట్టాను. గట్టిగానే. ఆ అమ్మాయి "సారీ సర్" అని డీవర్ సర్దుకుంది. కేసు అయ్యాక గ్లవ్స్ తీస్తుంటే థియేటర్ సిస్టర్ మెల్లగా అంది: "సార్, ఆ పాప నిన్న పొద్దున్నుంచీ ఇక్కడే ఉందండీ." లెక్కేస్తే 38 గంటలు. డ్యూటీ చార్ట్ మీద సంతకం నాదే.

"మమ్మల్నీ ఇలాగే కొట్టారు, మేం బాగుపడలేదా" అని చాలా ఏళ్ళు అనుకున్నవాణ్ణే. బాగుపడ్డామో లేదో మా ఇంట్లోవాళ్ళని అడగాలి. నీరు పల్లమెరుగు అన్నట్టు యూనిట్‌లో అలసట కూడా కిందికే పారుతుంది. చీఫ్ నిద్రలేమి అసిస్టెంట్ మీద విసుగవుతుంది, అది ఫైనల్ ఇయర్ పీజీ నోట తిట్టవుతుంది, చివరికి తెల్లవారుజామున నాలుగింటికి శాంపిల్స్ పట్టుకుని బ్లడ్ బ్యాంక్‌కి పరిగెత్తే హౌస్ సర్జన్ కళ్ళలో నీళ్ళవుతుంది. అందుకే సర్జన్ల బాగోగులు వేరు, విద్యార్థుల బాగోగులు వేరు అని నేను విడదీయను.

ఇది ప్రభుత్వ బోధనాసుపత్రిలో యూనిట్ నడిపేవాళ్ళ కోసం, చార్టులు వేసే ఫైనల్ ఇయర్ పీజీల కోసం రాస్తున్నాను. ఇందులో చాలావాటికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. యోగా దినోత్సవం నాడు పీజీలని లాన్‌లో కూర్చోబెట్టి ఫోటో తీయడం మాత్రం ఇందులో లేదు.

1. ముందు రెండు వారాలు లెక్క రాయండి, ఇంకేమీ చేయకండి

డ్యూటీ రూములో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. నాలుగు గడులు: వచ్చిన టైము, వెళ్ళిన టైము, నిద్రపోయిన గంటలు, చివరిసారి అన్నం తిన్న టైము. హౌస్ సర్జన్లు, పీజీలు, సీనియర్ రెసిడెంట్, అసిస్టెంట్లు, మీరు, అందరి పేర్లూ ఉండాలి. మీ పేరు మొదటి వరసలో ఉండాలి.

మా దగ్గర మొదటి నాలుగు రోజులు అందరూ చక్కగా "ఉదయం 8, సాయంత్రం 6" అని రాశారు. సార్ చూస్తారని భయం. ఒక పొద్దున నేను నా వరసలో "నిద్ర: 2 గంటలు, అన్నం: నిన్న మధ్యాహ్నం" అని రాసి వచ్చాను. ఆ రోజు నుంచి అసలు అంకెలు మొదలయ్యాయి. ఫస్ట్ ఇయర్ పీజీలు వారానికి 100 గంటలు దాటుతున్నారు. ఒకతను అయితే మూడు రోజులు బిస్కెట్లూ టీ మీదే బతికాడు.

ఈ లెక్కని దేనితో పోల్చాలి? 1992 జూన్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ తన రెసిడెన్సీ పథకంలో, రెసిడెంట్ డాక్టరు ఏకధాటి డ్యూటీ మామూలుగా రోజుకి 12 గంటలు మించకూడదని రాసింది. 2023లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ పీజీ నిబంధనల్లో గంటల అంకె లేదు. "సహేతుకమైన పని గంటలు, తగిన విశ్రాంతి" అని మాత్రమే ఉంది. ఎవరి సహేతుకం అన్నది చీఫ్‌ని బట్టి మారుతుంది కదా. అయితే అవే నిబంధనలు ఏడాదికి కనీసం 20 రోజుల క్యాజువల్ లీవు, 5 రోజుల అకడమిక్ లీవు, పని ఒత్తిడి అనుమతించినంతలో వారానికి ఒక సెలవు ఇవ్వాలని స్పష్టంగా చెప్పాయి. 2024లో అదే కమిషన్ వేసిన మానసిక ఆరోగ్య టాస్క్ ఫోర్స్ ఇంకో మెట్టు ముందుకెళ్ళి వారానికి 74 గంటలు, ఏకధాటిగా 24 గంటలు మించొద్దని సిఫారసు చేసింది.

ఇంకో పోలిక కూడా నోట్‌బుక్ అట్ట మీద రాసి పెట్టండి. 17 గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి చేతి, మెదడు పనితనం రక్తంలో 0.05% ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని 1990ల్లోనే పరీక్షించి చూశారు. 24 గంటలైతే 0.10% దాకా పోతుంది. మన దేశంలో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు కట్టే హద్దు 0.03%. అంటే అడ్మిషన్ డే (ఆ రోజొచ్చే ఎమర్జెన్సీ కేసులన్నీ మన యూనిట్ చేర్చుకునే రోజు) మర్నాడు మన పీజీని బైక్ మీద ఇంటికి పంపడమే ప్రమాదం. మనం హెర్నియా చేయమంటున్నాం.

2. చార్టు తిరగరాయండి

ఈ ఒక్క పని చేసి మిగతావన్నీ వదిలేసినా నాకు అభ్యంతరం లేదు. అందుకని ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

మా డిపార్ట్‌మెంట్‌లో ఆరు యూనిట్లు. ఒక్కో యూనిట్‌కి వారంలో ఒక అడ్మిషన్ డే. మా యూనిట్‌లో ఏడాదికి ఇద్దరు చొప్పున ఆరుగురు పీజీలు, నలుగురైదుగురు హౌస్ సర్జన్లు. పాత పద్ధతిలో అడ్మిషన్ డే నాడు ఆరుగురూ పొద్దున ఎనిమిదికి దిగేవాళ్ళు. రాత్రంతా క్యాజువాలిటీ, ఎమర్జెన్సీ ఓటీ (ఆపరేషన్ థియేటర్). మర్నాడు రౌండ్స్, ఆ వెంటనే మా ఎలెక్టివ్ ఓటీ డే (ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్ల రోజు). సాయంత్రం పోస్ట్-ఆప్ రౌండ్స్ అయ్యేసరికి 36 గంటలు. జబ్బంతా అక్కడుంది. అడ్మిషన్ డే మర్నాడే ఓటీ డే పడితే ఏ దేవుడూ ఆ చార్టుని బాగుచేయలేడు.

కాబట్టి మొదటి పని, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి వెళ్ళి ఓటీ డే మార్పించుకోవడం. మాకు నాలుగు నెలలు పట్టింది. పక్క యూనిట్ చీఫ్ తన రోజు ఇవ్వనన్నారు. అనెస్తీషియా వాళ్ళ లిస్టులు మారాలన్నారు. ఆఖరికి నోట్‌బుక్ తీసుకెళ్ళి హెచ్‌ఓడీ టేబుల్ మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పుతూ "అయితే నువ్వు కూడా నిద్రపోవట్లేదన్నమాట" అన్నారు. నా వరస చూశాకే పని జరిగింది.

రెండో పని, అడ్మిషన్ డేని రెండుగా కోయడం. ముగ్గురు పీజీలు, ఫస్ట్ ఇయర్ ఒకరు, సెకండ్ ఇయర్ ఒకరు, ఫైనల్ ఇయర్ ఒకరు, పొద్దున 8 నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా. ఇంకో ముగ్గురు రాత్రి 8 నుంచి మర్నాడు పొద్దున 9 దాకా. రాత్రి జట్టు ఆ పగలంతా ఇంటి దగ్గర పడుకోవాలి, లైబ్రరీలో థీసిస్ రాసుకోవడం కాదు. రాత్రి జట్టు మర్నాడు 9 గంటలకి కేసులు అప్పజెప్పి వెళ్ళిపోవాలి. మిగతా రోజుల్లో రాత్రి వార్డు డ్యూటీ ఒక పీజీ, ఒక హౌస్ సర్జన్. వాళ్ళకీ మర్నాడు తొమ్మిదింటికి సెలవే. ఇలా వేస్తే ఒక్కొక్కరికీ వారానికి 60 నుంచి 75 గంటల మధ్య పడుతోంది. ఎవరైనా లీవు పెట్టిన వారం పెరుగుతుంది, అది దాచను.

మూడో పని అప్పగింత. గంటలు తగ్గిస్తే ఒకరి పేషెంటు ఇంకొకరి చేతుల్లోకి పోతాడు, అక్కడే పొరపాట్లు జరుగుతాయి. "పాత పద్ధతే నయం, ఒకళ్ళే మొదటినుంచీ చివరిదాకా చూసేవాళ్ళు" అని సీనియర్లు అనేది ఇందుకే, ఆ మాటలో నిజం ఉంది కూడా. మందు ఒకటే: రాత్రి ఎనిమిదింటికి, పొద్దున ఎనిమిదిన్నరకి బెడ్ల పక్కనే నిలబడి 20 నిమిషాల అప్పగింత. ఒక్కో పేషెంటుకి నాలుగు మాటలు: ఎవరు, ఏం చేశాం, రాత్రి ఏం జరగొచ్చు, జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి. "బెడ్ 14, రెండో రోజు రిసెక్షన్ అనాస్టమోసిస్ (పేగు ముక్క తీసి కలిపిన ఆపరేషన్), పల్స్ 110 దాటితే నాకు చెప్పు, పొద్దున దాకా ఆగకు." వాట్సాప్ గ్రూపులో టైపు చేసి పారేయడం అప్పగింత కాదు.

పోస్ట్-డ్యూటీ పీజీ వార్డులో తిరుగుతూ కనిపిస్తే ఇంటికి పంపించేది మీరే. "ఉండిపోతాను సర్, మంచి కేసు ఉంది" అంటారు. మంచి కేసు వచ్చే వారం కూడా వస్తుంది. ఆ రోజు మీరు మెచ్చుకుని ఉండనిచ్చారా, మీ చార్టు ఆ రోజుతో సరి.

3. పడుకునే చోటు, తినే వేళ

డ్యూటీ రూముకి లోపలినుంచి గొళ్ళెం ఉందా? అమ్మాయిలకి వేరే గది, వేరే బాత్రూం ఉన్నాయా? రాత్రి రెండింటికి క్యాజువాలిటీ నుంచి ఆ గదిదాకా వెళ్ళే దారిలో లైట్లు వెలుగుతాయా? 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో ఏం జరిగిందో దేశమంతా చూసింది. సెమినార్ హాల్లో నడుం వాల్చాల్సిన గతి ఇంకా ఎన్నో కాలేజీల్లో ఉంది. ఒక రాత్రి మీరే వెళ్ళి ఆ గదిలో పడుకోండి. నేను పడుకున్నాను. ఫ్యాన్ తిరగలేదు, పరుపు కింద నల్లులు, తలుపు గొళ్ళెం ఊడి చేతికొచ్చింది. మర్నాడు ఆర్‌ఎంఓకి (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) రాసిన లెటరులో విశేషణాలేమీ వాడక్కర్లేకపోయింది.

తిండి విషయం నవ్వులాటగా తీసుకుంటాం. లిస్టు ఎంత పెద్దదైనా మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి రెండు కేసుల మధ్య 20 నిమిషాలు ఓటీ ఆగుతుందని మేం నియమం పెట్టుకున్నాం. ఎలాగూ కేసు మారేటప్పుడు బల్ల తుడిచి, సెట్లు వచ్చేదాకా ఆగాలి. ఆ టైములో అందరికంటే చిన్నవాళ్ళు ముందు తింటారు. కాఫీ రూములో సాంబారన్నం డబ్బా తెరిచి సార్ కోసం ఎదురుచూసే అలవాటు మాన్పించడానికి నేను కావాలనే చివర్న వెళ్ళేవాణ్ణి. నీళ్ళు కూడా అంతే. ఓటీ రోజుల్లో బాత్రూంకి వెళ్ళడం కుదరదని పొద్దున్నుంచీ నీళ్ళు మానేసే అమ్మాయిలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, తర్వాత యూరిన్ ఇన్ఫెక్షన్‌తో బాధపడతారు. "బ్రేక్ కావాలి సర్" అంటే కారణం అడక్కుండా ఇంకొకరిని స్క్రబ్ అయి (చేతులు కడుక్కుని, గౌను వేసుకుని) రమ్మనండి.

ఎంబీబీఎస్ పిల్లలు మొదటిసారి ఓటీకి వచ్చి కళ్ళు తిరిగి పడటం మామూలే. ముందే చెప్పండి: టిఫిన్ తిని రండి, మోకాళ్ళు బిగించి నిలబడొద్దు, చెమట పట్టి చెవుల్లో హోరు మొదలైతే ఎవరినీ అడక్కుండా వెనక్కి జరిగి నేల మీద కూర్చోండి. పడ్డవాణ్ణి చూసి నవ్వితే ఆ కుర్రాడు సర్జరీ వైపు మళ్ళీ తొంగిచూడడు. నేను మూడో సంవత్సరంలో ఒక ఆంప్యుటేషన్ చూస్తూ పడ్డాను. ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను.

4. ఒళ్ళు, సూది

మెడ నొప్పి, నడుం నొప్పి లేని యాభై ఏళ్ళ సర్జన్‌ని నేను చూడలేదు. ఓపెన్ కేసుకి బల్ల మోచేతి ఎత్తున ఉంటుంది. లాప్‌కి (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) వచ్చేసరికి పరికరాల పిడులు మోచేతి ఎత్తుకి రావాలి కాబట్టి బల్ల బాగా కిందికి దించాలి. మనం దించం, భుజాలు పైకెత్తి రెండు గంటలు కానిచ్చేస్తాం. బల్లని జట్టులో పొడుగు మనిషికి సరిపెట్టి, పొట్టివాళ్ళకి కాలిపీట వేయండి. మానిటర్ ఎదురుగా, కంటికి కాస్త కింద ఉండాలి. కెమెరా పట్టుకున్న పీజీ మెడ తిప్పి చూడాల్సి వస్తుంటే ఇంకో మానిటర్ అటు తిప్పించండి. అరగంటకోసారి ఒక్క నిమిషం పరికరాలు వదిలేసి, స్టెరైల్‌గా ఉండగానే భుజాలు, మెడ సాగదీసుకుంటే కేసు టైమేమీ పెరగదు. ఆ ఒక్క నిమిషం గుర్తుచేసే పని సిస్టర్‌కి అప్పజెప్పండి, మనకి గుర్తుండదు.

సూది గుచ్చుకోవడం గురించి మాత్రం తొందరగా దాటను. హౌస్ సర్జన్ రాత్రి మూడింటికి సూది గుచ్చుకుని ఎవరికీ చెప్పకుండా గ్లవ్ మార్చుకుని మళ్ళీ వస్తాడు. కారణం తిడతారన్న భయం. హెచ్‌ఐవీ ఉన్న పేషెంటు సూది వల్ల సోకే అవకాశం వెయ్యిలో మూడు. హెపటైటిస్ బీ అయితే, టీకా లేనివాళ్ళకి వందలో ముప్పై దాకా పోవచ్చు. కాబట్టి:

హౌస్ సర్జన్లు చేరిన మొదటి వారంలోనే బీ టీకా మూడు డోసులు (0, 1, 6 నెలలు) అయ్యాయా, యాంటీబాడీ టైటర్ (టీకా పనిచేసిందో లేదో చూపే రక్త పరీక్ష) 10 దాటిందా చూడండి. దాటకపోతే మళ్ళీ వేయించండి.

సూది గుచ్చుకుంటే సబ్బు, పారే నీళ్ళు. నొక్కి రక్తం పిండొద్దు, స్పిరిట్ పోయొద్దు. పేషెంటు రిపోర్టులు చూసి, అవసరమైతే పీఈపీ (హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే మందు) మొదటి డోసు రెండు గంటల్లోపు పడాలి. 72 గంటలు దాటితే ఉపయోగం లేదు. మాత్ర 28 రోజులు. రక్త పరీక్షలు అప్పుడే ఒకటి, తర్వాత 6 వారాలకి, 3 నెలలకి, 6 నెలలకి. రాత్రి పూట ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) మూసి ఉంటుంది కాబట్టి మొదటి డోసు మాత్రలు క్యాజువాలిటీలో ఏ అల్మరాలో ఉన్నాయో, తాళం ఎవరి దగ్గరుందో ప్రతి పీజీకీ తెలిసి ఉండాలి.

సూది చేతి నుంచి చేతికి కాకుండా కిడ్నీ ట్రేలో పెట్టి అందించడం అలవాటు చేయండి. పెద్ద కేసుల్లో రెండు జతల గ్లవ్స్. మొదట్లో వేళ్ళు మొద్దుబారినట్టుంటుంది, రెండు వారాల్లో అలవాటైపోతుంది.

5. నాలుక

ఫోర్సెప్స్‌తో కొట్టినవాణ్ణి నేను, నీతులు చెప్పను. పని చెబుతాను.

పేషెంటు ముందు, అటెండర్ల ముందు, సిస్టర్ల ముందు పీజీని తిట్టొద్దు. ప్రాణం మీదికొస్తే గొంతు పెంచండి, తప్పులేదు. "ఆగు", "చెయ్యి తీయ్", "సక్షన్" అనండి. మనిషిని గురించి, వాళ్ళ రిజర్వేషన్ గురించి, వాళ్ళ కాలేజీ గురించి, "అమ్మాయిలకి సర్జరీ ఎందుకు" అని నోరు జారితే అది బోధన కాదు, వేధింపు. శిక్షగా అదనపు డ్యూటీ వేయడం, లాగ్‌బుక్ సంతకం ఆపడం, థీసిస్ తొక్కిపెట్టడం, ఇవి చేతికి మట్టి అంటకుండా చేసే దెబ్బలు. 2021 నాటి ర్యాగింగ్ నిరోధక నిబంధనలు పీజీలకీ వర్తిస్తాయని చాలామందికి తెలియదు. ఫస్ట్ ఇయర్ చేత సీనియర్ "అన్న"లకీ "అక్క"లకీ టీలు మోయించడం, వాళ్ళ థీసిస్ టైపు చేయించడం దీని కిందికే వస్తాయి. మా యూనిట్‌లో ఆ సంప్రదాయం ఉన్నట్టు నాకు తెలియదు అని చాలామంది చీఫ్‌లు అంటారు. నేనూ అన్నాను. నోట్‌బుక్‌లో ఒకడు "రాత్రి 11.30, అన్నకి బిర్యానీ తేవడం" అని రాశాడు.

తిట్టకపోతే నేర్పేదెలా? మూడు చోట్ల మాట్లాడండి. స్క్రబ్ అయ్యేటప్పుడు, కుళాయి దగ్గర: "ఈరోజు నువ్వేం చేస్తావమ్మా? కోత నుంచి మెష్ పెట్టే దాకా నీది, మధ్యలో కార్డ్ విడదీసేటప్పుడు మాత్రం నేను తీసుకుంటాను." అప్పుడు చేతిలోంచి పరికరం లాక్కున్న అవమానం ఉండదు. కేసు మధ్యలో: "ఇక్కడ ఏం కనబడుతోంది నాన్నా, చెప్పు" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. అయ్యాక, కాఫీ రూములో మూడే నిమిషాలు: ఏది బాగా చేశావు, ఏది వచ్చేసారి మార్చాలి. మొదట వాళ్ళనే చెప్పనివ్వండి. తమ తప్పులు మనకన్నా కఠినంగా వాళ్ళే చెప్పుకుంటారు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టుని మనం టిక్కులు పెట్టే కాగితంగా మార్చేశాం. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5% నుంచి 0.8%కి తగ్గాయి. దాని టైమ్ అవుట్‌లో (కోతకి ముందు అందరూ ఆగి సరిచూసుకునే నిమిషంలో) అందరూ తమ పేరు, పని చెప్పాలి. హౌస్ సర్జన్‌తో కూడా పేరు చెప్పించండి. కోతకి ముందు ఒకసారి నోరు తెరిచిన కుర్రాడు, కేసు మధ్యలో "సర్, మాప్ (లోపల రక్తం అద్దే గుడ్డ) ఒకటి తగ్గింది" అనడానికి జంకడు.

6. చెడ్డ రోజు

పేషెంటు టేబుల్ మీద పోయాడు. లేదా ఐదో రోజు పేగు కుట్టు లీక్ అయింది. అటువంటప్పుడు డాక్టరు కూడా గాయపడతాడని 2000లో ఆల్బర్ట్ వూ "రెండో బాధితుడు" అన్న మాట పుట్టించాడు. ఆ మాట నచ్చని వాళ్ళున్నారు, మొదటి బాధితుడి ఇంటివాళ్ళు వింటే ఏమంటారని. నిజమే. మాటేదైనా, ఆ రాత్రి ఎవరేం చేయాలో ముందే రాసి పెట్టుకోవాలి.

మొదటి గంట: ఇంటివాళ్ళకి చెప్పేది యూనిట్‌లో పెద్దవాళ్ళే. కాగితం ఇచ్చి ఫస్ట్ ఇయర్‌ని పంపడం పిరికితనం. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, తెలుగులో, "చనిపోయారు" అన్న మాట వాడి చెప్పండి. "సీరియస్‌గా ఉంది", "ప్రయత్నిస్తున్నాం" అని సాగదీస్తే కోపం అక్కడే పుడుతుంది. పీజీ మీ పక్కన నిలబడి వినాలి, అదొక పాఠం. సెక్యూరిటీకి ముందే చెప్పి పెట్టండి.

దాడి జరిగితే: ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వైద్య సిబ్బంది మీద హింసకి వ్యతిరేకంగా చట్టం వచ్చింది. మూడేళ్ళ దాకా జైలు, 50,000 దాకా జరిమానా. 2024 ఆగస్టులో కేంద్రం, ఘటన జరిగిన 6 గంటల్లోపు సంస్థే ఎఫ్‌ఐఆర్ పెట్టించాలని, బాధ్యత సంస్థ అధిపతిదని ఆదేశించింది. చెంప పగిలిన హౌస్ సర్జన్‌ని ఒంటరిగా పోలీస్ స్టేషన్‌కి పంపి "నువ్వే కంప్లైంట్ ఇవ్వు" అనొద్దు.

ఆ సాయంత్రం: కేసులో ఉన్న పీజీ వెంటనే ఇంకో కేసు ఎక్కకూడదు, మీరూ వీలైతే ఎక్కకండి. ఒక్క వాక్యం చెప్పండి: "నిర్ణయం నాది. నీది కాదు." అబద్ధమైతే చెప్పకండి. పొరపాటు పీజీదే అయితే "ఇద్దరం కలిసి చూద్దాం, రేపు" అనండి. మూడో రోజు మళ్ళీ పిలిచి నిద్ర పడుతోందా అని అడగండి. మొదటి రోజు అందరూ బాగానే ఉన్నామంటారు.

మరణాలని చర్చించే మోర్టాలిటీ మీటింగులో "ఎవరు చేశారు" అన్న ప్రశ్న తీసేసి "ఆ క్షణంలో ఏం తెలుసు, ఏం తెలియదు" అని మొదలుపెట్టండి. ఏడాదికి ఒక్కసారైనా మీ సొంత కాంప్లికేషన్ మీరే స్లైడ్లు వేసి చెప్పండి. నేను ఒక బైల్ డక్ట్ ఇంజురీ (పిత్తనాళం దెబ్బతిన్న కేసు) చెప్పాను. ఆ రోజు హాల్లో దగ్గు కూడా వినపడలేదు. తర్వాతి నెలలో పీజీలు తామే మూడు కేసులు తెచ్చారు.

7. మునిగిపోతున్నవాళ్ళని గుర్తుపట్టడం

2024 టాస్క్ ఫోర్స్ సర్వేలో పాల్గొన్న 5,337 మంది పీజీల్లో 31.2% మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పారు. మన యూనిట్‌లో ఆరుగురుంటే ఇద్దరు.

ఏం చూడాలి? ఎప్పుడూ నీట్‌గా వచ్చేవాడు గడ్డం పెంచుకుని అదే స్క్రబ్స్‌లో మూడు రోజులు తిరగడం. కేస్ షీట్లలో రాత మారిపోవడం. మెస్‌కి రాకపోవడం. ఫోన్ ఎత్తకపోవడం. అన్నిటికన్నా, ఎప్పుడూ గొణిగేవాడు హఠాత్తుగా నిశ్శబ్దమైపోవడం.

అడగాల్సినప్పుడు తిన్నగా అడగండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగేవాళ్ళు లేకనే లోపల పెరుగుతుంది. రూములోకి పిలిచి, తలుపు దగ్గరకేసి, ఫోన్ పక్కన పెట్టి, "వారం రోజులుగా నువ్వు నువ్వులా లేవురా. ఏమైంది?" అనండి. ఆ తర్వాత మాట్లాడకండి. మా తరానికి ఇదే కష్టం, మూడో సెకన్‌లో సలహా మొదలుపెడతాం. "మా రోజుల్లో", "ధైర్యంగా ఉండాలి", "పెళ్ళి చేసుకో అన్నీ సర్దుకుంటాయి", ఈ మూడూ నోట రానివ్వకండి.

అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఆ రాత్రి డ్యూటీలోంచి తీసేయండి, నమ్మకమున్న స్నేహితుణ్ణి తోడుంచండి, ఇంటివాళ్ళకి చెప్పడానికి ఒప్పించండి, ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి మీరే తీసుకెళ్ళండి. సొంత ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో నిలబడితే మధ్యాహ్నానికి హాస్టల్ మొత్తానికి తెలిసిపోతుంది. అందుకే ఊళ్ళోనే బయట ఇద్దరు డాక్టర్లతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. టెలి-మానస్ 14416కి ఏ వేళైనా, తెలుగులో, డబ్బు లేకుండా మాట్లాడొచ్చు. ఆ నంబరు డ్యూటీ రూము తలుపు వెనక, బాత్రూం అద్దం మీద అంటించండి. నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఎవరూ రాసుకోరు.

తిరిగొచ్చాక లీవు సంగతి ఎవరూ అడక్కూడదు. "జ్వరం" అని మీరే చెప్పేయండి.

8. ఇక మీరు

ఇది చివర్న పెట్టడానికి కారణం, నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అయ్యింది ఇదే కావడం. పొద్దున ఆసుపత్రి, సాయంత్రం క్లినిక్, రాత్రి పదకొండింటికి అన్నం. నా బీపీ నేనే చూసుకునేవాణ్ణి, మాత్ర నేనే రాసుకునేవాణ్ణి. ఒకసారి ఛాతీ బరువుగా ఉంటే సెకండ్ ఇయర్ పీజీ చేత ఈసీజీ తీయించి, ఆ కాగితం నేనే చదువుకుని జేబులో పెట్టుకున్నాను. ఆ పీజీ వెళ్ళి మెడిసిన్ ప్రొఫెసర్‌ని తీసుకొచ్చాడు. వాడు నాకంటే మంచి డాక్టరు.

మీకంటూ ఒక డాక్టరుని పెట్టుకోండి, మీ స్నేహితుడు కానివాణ్ణి. ఏడాదికోసారి షుగరు, బీపీ, కళ్ళు చూపించుకోండి. చెయ్యి వణకడం మీకంటే ముందు సిస్టర్ గమనిస్తుంది. ఆమె చెప్పగలిగేలా ఉండండి. నిద్ర పట్టడానికి రెండు పెగ్గులు అలవాటైతే అది నిద్ర కాదని మీకు తెలుసు. చెడ్డ కేసు జరిగిన రాత్రి ఫోన్ చేయడానికి ఇంకో ఊళ్ళో ఒక సర్జన్ ఉండాలి. మీ ప్రమోషన్‌తో, మీ ప్రాక్టీసుతో ఏ పోటీ లేనివాడు. నా బ్యాచ్‌మేట్ ఒకడు విశాఖలో ఉన్నాడు. ఇద్దరం ఒకరినొకరం రాత్రి పదకొండు తర్వాత "ఏరా, పోయాడా?" అనే పలకరించుకుంటాం.

ఎలెక్టివ్ లిస్టులో పెద్ద కేసులు రెండుకి మించి పెట్టకండి, మూడోది ఎంత బతిమాలినా. లీవు తీసుకోండి, తీసుకున్నట్టు యూనిట్‌కి కనబడేలా తీసుకోండి. చీఫ్ లీవు పెట్టని యూనిట్‌లో ఫస్ట్ ఇయర్ తన 20 రోజులు అడగడు.

ఆదివారం ఫోన్ ఆపేయండి. మొదటి ఆదివారం నేను గంటకోసారి ఆన్ చేసి చూసుకున్నాను. ఇప్పుడు అసోసియేట్ నంబరు చార్టు కింద ఎర్ర పెన్నుతో రాసి ఉంటుంది, ఆయన ఆదివారానికి నాది.